పాము రేటు

మొన్న వానలు తెరిపిచ్చాక మా హనుమకొండ ఇంటి వెనక గడ్డి మోకాలు దాటి లేచింది. గడ్డి కోసే మిషన్ భుజాన వేసుకుని ఒకతను వచ్చాడు. లోపల అడుగైనా పెట్టలేదు. గేటు కడ్డీల సందులోంచి ఒక్క చూపు చూసి, ఫోన్ జేబులో పెట్టుకుంటూ, "ఇంతయితదమ్మా" అని ఓ రేటు చెప్పేశాడు. అది ఎక్కువో తక్కువో ఆలోచించే తీరిక నాకు లేకపోయింది. "అందులో పాముంటే ఎంత తీసుకుంటవు బాబూ?" అన్నాను. అతను పకపకా నవ్వాడు. "పాముకు సెపరేట్ రేటుంటదా అమ్మా? ఉన్నా గంతే, లేకున్నా గంతే." ఆ మాట వినగానే నేను మెట్ల మీద కూర్చుండిపోయాను. వెనక మూల ఇటుకల దగ్గర ఒకసారి ఏదో కదిలిందని, బూట్లు వేసుకోమని, చెయ్యి పెట్టే ముందు కర్రతో తట్టమని ఒకటికి పదిసార్లు చెప్పాను. ముసలామెకు చాదస్తం అనుకుని ఉంటాడు. అనుకోనీ. అతను పని ముగించి పోయేదాకా నేను ఆ మెట్ల మీద నుంచి లేవలేదు.

నేను పుట్టు పిరికిదాన్ని. దీన్ని దాచుకోవాల్సిన పనేమీ లేదు. ఒక కాలంలో మా ముగ్గురి చేతికి నాలుగు పైసలు వచ్చాయంటే అది నా పిరికితనం పుణ్యమే. ముగ్గురంటే నేను, మా అన్న భద్రయ్య, అన్న దోస్తు యాకూబ్. వాళ్ళిద్దరూ పదో తరగతి, నేను వాళ్ళకంటే రెండు తరగతులు వెనక. మా గల్లీ వరంగల్ స్టేషన్‌కు వెనక, పట్టాలకు అవతలి పక్కన ఉండేది. బాపు కాజీపేట షెడ్డులో ఫిట్టరు. పొద్దున షటిల్ బండికి పోయి, సాయంత్రం బొగ్గు, నూనె కలిసిన వాసనతో తిరిగొచ్చేవాడు. ఆ వాసన గుమ్మంలోకి వచ్చిందంటే నాకు ప్రాణం కుదుటపడేది, ఇంక ఇంటికి మగదిక్కు వచ్చిందని. మా దగ్గర అమ్మను అవ్వ అంటాం. మా అవ్వ బాపు డ్రెస్సును సోడాలో నానబెట్టి దొడ్లో బండ మీద బాదుతుంటే నల్లటి నీళ్ళు కాలవ కట్టి గోడదాకా పోయేవి. నాయినమ్మ ఓ మూల కూర్చుని చుట్ట కాలుస్తూ, దీపం పెట్టిన తర్వాత ఎవరైనా 'పాము' అంటే చుట్ట చేతిలోకి తీసుకుని మరీ తిట్టేది. పొద్దుగూకితే దాన్ని 'పురుగు' అనాలి. పేరు పెట్టి పిలిస్తే పిలిచారనుకుని వస్తుందట. దాంతో నాకు పొద్దుగూకిన తర్వాత నోరు తెరవాలన్నా భయమే.

గల్లీలో ఇళ్ళు చిన్నవే గాని వెనక దొడ్లు మాత్రం బారుగా ఉండేవి. వెనకటికి అందరూ బర్రెలను పెంచేవారట. బర్రెలు పోయాయి, దొడ్లు మిగిలాయి. తొలకరి వానలు పడ్డాయంటే చాలు, ఉత్తరేణి, తుమ్మ మొలకలు, పేరు తెలియని పిచ్చి గడ్డి అంతా కలిసి గోడల ఎత్తు లేచేవి. చిన్నపిల్లలకు దొడ్డికి పోవాలన్నా భయం, ఆడవాళ్ళకు బట్టలారేయాలన్నా భయం. అప్పుడే చుట్టుపక్కల ఊళ్ళలో నాట్లు మొదలయ్యేవి గనక కూలీలు ఒక్కరూ దొరికేవారు కాదు. ఆ సందు చూసి మా అన్న వ్యాపారం మొదలుపెట్టాడు. యాకూబ్ దగ్గర పార, మా ఇంట్లో కొడవలి, నా చేతిలో నేల తట్టే కర్ర. నేను ఏదైనా ఎత్తు మీద నిలబడి కర్రతో తడుతూ, కళ్ళు పెద్దవి చేసుకుని కాపలా కాయాలి. ఆ పని నాకెందుకిచ్చాడంటే, మా ముగ్గురిలో ఆకు కదిలినా కెవ్వుమనేది నేనే గనక.

రేటు కట్టే పద్ధతి మా అన్నది. ఇప్పటికీ తలచుకుంటే నవ్వూ వస్తుంది, ఒళ్ళూ మండుతుంది. బేరానికి పోయినప్పుడు నన్ను వెంట తీసుకుపోయి వెనక తలుపు తీయించి, "నడువే సరోజనా" అనేవాడు. నేను గోడదాకా నడిచిపోతే అది సాదా దొడ్డి, తక్కువ రేటు. మధ్యలో ఆగి అన్న చొక్కా పట్టుకున్నానంటే రేటు కొంచెం పెరిగేది. కళ్ళు మూసుకున్నానంటే ఇంకా పెరిగేది. ఏడుపు లంకించుకున్నానా, ఇక ఆ దొడ్డికి బేరమే లేదు, అన్న చెప్పిందే రేటు. ఆ ఇంటి ఆడవాళ్ళు నన్ను మింగేసేలా చూసేవారు. "పిల్లకు ఏడువుమని నువ్వే చెప్పినవురా" అని ఒకామె మా అన్న చెవి మెలిపెట్టింది కూడా. కానీ నేను నటించలేదు, దేవుడి మీద ప్రమాణం. నాకు నిజంగానే భయం వేసేది. ఏ దొడ్డిలో ఏ మూలకు పోతే నా అరికాళ్ళు జిలజిలమంటాయో నాకే తెలిసేది కాదు.

వీటన్నిటికంటే పైది పాము రేటు. ఆ దొడ్లో ఎవరైనా పామును చూసి ఉంటే కూలి రెండింతలు. కళాయి వేసేవాడు గిన్నెకింత అని చెప్పినట్టు, అన్న నల్లా దగ్గర బిందెల వరుసలో నిలబడిన ఆడవాళ్ళందరికీ వినబడేలా ఈ సంగతి చెప్పాడు. అంతకు ముందు మా గల్లీలో పాములంటే ఎంత గొప్పలు పోయేవారని! "మా దొడ్లది గింత పొడుగున్నది" అని ఒకామె అంటే, "మాది పడగ విప్పితే చాటంత" అని ఇంకొకామె. రేటు చెప్పిన మరుసటి వారానికి మా గల్లీలో పాములన్నీ మాయమైపోయాయి. ఎవరింట్లో అడిగినా "అబ్బో, మా దిక్కు పామా? వానపాము గూడ లేదు బిడ్డా" అనే జవాబే. నిరుడు నాగుపామును చూసి జ్వరం తెచ్చుకున్న ఆమె కూడా అదే మాట. యాకూబ్ పొట్ట పట్టుకుని నవ్వేవాడు. "అరే భద్రీ, పాములన్నీ బండెక్కి నెక్కొండ పోయినయా ఏంది యార్?" అనేవాడు. మేమూ నవ్వాం. నా అరికాళ్ళ జిలజిల మాత్రం ఎక్కడికీ పోలేదు.

మా ఇంటికి మూడో ఇల్లు భూలక్ష్మత్తది. చుట్టరికమేమీ లేదు, పిలుపుకి అత్త. మొగుడు చచ్చిపోయి, చంకలో రవిగాడనే పిల్లవాడితో, బీడీలు చుట్టి బతికేది. ఆమె ఇంట్లోకి అడుగు పెడితే తడి తునికాకు వాసన, పొగాకు ఘాటు. నాకు తుమ్ములొచ్చేవి. అయినా ఆ ఇంటి అరుగు మీద కూర్చోవడమంటే నాకు ఎంతో ఇష్టం. చేతులు ఆకు కత్తిరిస్తుంటే నోరు కథలు చెప్పేది. కట్టలకు దారం చుట్టి ఇస్తే ఓ బెల్లం ముక్క చేతిలో పెట్టేది. రాత్రి పూట రైలు కూతకు నేను భయపడతానని తెలిసి, "అది ఇంజను ఆవులించుడు పిల్లా" అని చెప్పింది. అప్పటినుంచి కూత వినబడితే నేనూ ఆవులించి పడుకునేదాన్ని. నా భయాన్ని చూసి నవ్వని మనిషి ఆ గల్లీలో ఆమె ఒక్కతే.

ఆమె దొడ్డికి బేరానికి పోయిన రోజు మబ్బు పట్టి ఉంది. ఆమె ఒళ్ళో చాట, చాటలో పొగాకు. నిరుడు గాలిదుమారానికి కప్పు మీది గూన పెంకులు లేచిపోతే, పగిలినవన్నీ దొడ్డి మధ్యలో కుప్ప పోసింది. ఆ కుప్ప మీద గడ్డి జడలు కట్టినట్టు పెరిగింది. నేను నాలుగడుగులు వేశానో లేదో, ఆ కుప్ప దగ్గరికి రాగానే ఏడుపు వచ్చేసింది. ఎందుకో చెప్పలేను. అక్కడ ఏమీ కదలలేదు, ఏ చప్పుడూ లేదు. ఊరికే ఏడ్చాను. అన్న వెనక్కి తిరిగి, "అత్తా, దీంట్లగిన పామున్నదా?" అని అడిగాడు.

భూలక్ష్మత్త చాటలోంచి తల ఎత్తలేదు. "నా ఇంట్ల ఎలుకలే ఉపాసముంటాన్నయి కొడుకా, ఇగ పాము ఏం తిందామని వస్తది?" అంది. అందరం నవ్వాం. నేను మాత్రం ఇంకా వెక్కుతూనే ఉన్నాను. ఆమె లేచి వచ్చి, పొగాకు చేత్తోనే నా గడ్డం పట్టుకుని, "లేదు పిల్లా. నీ తోడు. ఏడువకు" అంది. 'నీ తోడు' అంటే నా మీద ఒట్టు. అంత పెద్దమనిషి నా మీద ఒట్టు పెట్టుకుంటే నమ్మక ఏం చేస్తాను? పద్ధతి ప్రకారం నేను ఏడ్చిన దొడ్డికి పెద్ద రేటు పడాలి. అన్న ఆమె చాట వైపు చూశాడు, చంకలో చీమిడి ముక్కు రవిగాడి వైపు చూశాడు. "దీని ఏడుపు లెక్కల పట్టద్దు అత్తా. నీకు సాదా రేటే" అన్నాడు. కష్టం తీరిన మనిషి ముఖం వెలగాలి కదా? ఆమె ముఖం నల్లబడింది. నాకు అది గుర్తుంది గాని, అప్పుడు అర్థం కాలేదు.

ఆదివారం పొద్దున పని మొదలుపెట్టాం. నేను బట్టల బండ మీద నిలబడి కర్రతో దబదబా తడుతున్నాను. యాకూబ్ గోడ పక్కన పారతో చెక్కుతున్నాడు. అన్న పెంకుల కుప్ప మీది గడ్డిని కుడిచేత్తో కోస్తూ, ఎడమచేత్తో పెంకులు ఒక్కొక్కటే పక్కకు పెడుతున్నాడు. ఉన్నట్టుండి చెయ్యి విదిలించుకున్నాడు. "ఏమైందే అన్నా?" అని నేను అప్పటికే సగం ఏడుపు గొంతుతో అరిచాను. "ఏం లేదు. ముల్లు గుచ్చుకున్నది" అన్నాడు. చూపించమన్నాను. చిటికెన వేలు పక్కన చీమ కుట్టినంత రెండు చుక్కలు. నెత్తురు లేదు, వాపు లేదు. ఉమ్మి రాసి మళ్ళీ వంగబోయాడు.

వెనక తలుపులో భూలక్ష్మత్త చెంబు పట్టుకుని నిలబడి ఉంది. "ఏమైంది కొడుకా?" అంది. "ముల్లత్తా." ఆమె చెంబులో నీళ్ళు కాళ్ళ మీద ఒలుకుతున్నా చూసుకోలేదు. "ఇగ చాలు తియ్యిర్రి. తక్కింది నేను చేసుకుంట" అని కొంగు ముడి విప్పి మొత్తం కూలి అన్న చేతిలో పెట్టింది. సగం పనికి నిండు కూలి ఇచ్చినవాళ్ళను మేం అంతకు ముందు చూడలేదు. యాకూబ్ గాలిలో తేలుతూ ఇంటికి పోయాడు. నేను దారి పొడుగునా అన్న వేలే చూస్తూ నడిచాను.

ఇంటికొచ్చి అన్న జొన్న గటక తిన్నాడు. కాసేపటికి కడుపులో నొప్పి అన్నాడు. అవ్వ వాము నమలమని ఇచ్చింది. ఎండలో పని చేసిన వేడి అని, ఖాళీ కడుపున తిరిగినందుకని గొణిగింది. నాయినమ్మ ఉప్పూ మిరపకాయలూ దిష్టి తీసి పొయ్యిలో వేసింది. అవి టపటపా పేలుతుంటే, "చూసినవా, ఎంత దిష్టి ఉన్నదో" అంది. "అవ్వా, అన్నకు చేతికి ముల్లు గుచ్చుకున్నది" అన్నాను. "ముల్లుకు కడుపునొస్తదా పిచ్చిదానా" అంది అవ్వ. నిజమే, నొస్తుందా? నా మాట నాకే పిచ్చిగా తోచింది. ఇంతలో అన్న, "అవ్వా, నువ్వు ఇద్దరు కనవడ్తానవ్" అన్నాడు. నాలుక మడతపడినట్టు మాట ముద్దగా వచ్చింది. తర్వాత కనురెప్పలు వాలిపోయాయి. నిద్ర కాదు అది. రెప్పలు ఎత్తాలని నుదురు మొత్తం ముడతలు పెట్టి అవస్థ పడుతున్నాడు, అవి లేవడం లేదు. నా జన్మలో అంత భయం నాకు మళ్ళీ కలగలేదు. పురుడప్పుడు కాదు, ఆపరేషనప్పుడు కాదు. మా అన్న తన రెప్పలను తానే వేళ్ళతో పైకెత్తి పట్టుకుని నన్ను చూడబోయిన ఆ క్షణం, ఈనాటికీ కళ్ళు మూస్తే కనబడుతుంది.

అప్పుడు వచ్చింది భూలక్ష్మత్త. లోపలికి రాలేదు, గడప అవతలే నిలబడింది. "భద్రి ఎట్లున్నడు వదినా?" అని అడిగింది. "కడుపునొస్తాందంటాండు, నిద్రకు తూలుతాండు" అంది అవ్వ. ఆమె తల వంచి అన్న రెప్పలు చూసింది. ఆ వేలు చూసింది. ఏదో అనబోయి మింగింది. వెనక్కి తిరిగి నాలుగడుగులు వేసింది. ఆమె వెళ్ళిపోతుంటే, ఎందుకో గాని, ఆ పెంకుల కుప్ప దగ్గర జిలజిలా పాకిన భయమే నా కాళ్ళలోంచి మళ్ళీ పైకి వచ్చింది. "అత్తా!" అని అరిచాను. ఇంకో మాట రాలేదు. ఆమె ఆగింది. తిరిగి వచ్చి గడప దాటి మా అవ్వ రెండు చేతులూ పట్టుకుంది.

"ముల్లు గాదు వదినా. కట్లపాము. మొన్న పొద్దుగాల ఆ పెంకలల్లకు పోంగ చూసిన. నల్లగ, తెల్ల పట్టీలు. చెప్తె కూలి డబుల్ అంటరని చెప్పలే. పొల్ల మీద ఒట్టు గూడ పెట్టిన. కొట్టు వదినా, చెప్పు తీసుకొని కొట్టు. గని తర్వాత కొట్టు. ముందుగాల పిలగాన్ని దవాఖానకు తీసుకపోదాం."

అవ్వ కొట్టలేదు, ఏడవలేదు. అన్నను లేపి భుజానికి ఆనించుకుంది. నాయినమ్మ చేతిలో చుట్ట కింద పడి చాప కాలుతుంటే కాలితో నలిపింది నేనే. అరుపులకు యాకూబ్ పరుగెత్తుకొచ్చాడు, వాళ్ళ మామ రిక్షా తెచ్చాడు. అన్నను ఎక్కించుకుని అండర్‌బ్రిడ్జి దాకా పోతే, రాత్రి వానకు అందులో ఛాతీ లోతు నీళ్ళు. పెద్ద దవాఖాన అవతల. ఇక పట్టాలు దాటడమే దారి. యాకూబ్ అన్నను వీపున వేసుకుని కట్ట ఎక్కాడు. అక్కడ పట్టాల మీద గూడ్సు బండి నిలబడి ఉంది. ఏ వైపు చూసినా దాని చివర కనబడలేదు.

రైల్వే వాళ్ళ పిల్లలం మేము. నిలబడ్డ బండి కింద దూరితే కాళ్ళు విరగ్గొడతానని బాపు మాకు మాటలు రాకముందే చెప్పాడు. భూలక్ష్మత్త ముందు తాను దూరింది. అవతలి నుంచి చేతులు చాచి అన్నను చంకల కింద పట్టి లాగింది. యాకూబ్, అవ్వ కాళ్ళు పట్టి తోశారు. అవ్వ దూరింది, యాకూబ్ దూరాడు. నేను ఇవతల మిగిలిపోయాను. చక్రం నా ఛాతీ ఎత్తు ఉంది. ఇంజను దిక్కున కూత వినబడింది. బండి మొత్తం గొలుసులు తెగినట్టు ఖణేలుమని ఒక్క కుదుపు కుదిపింది. నా కాళ్ళు నేలలోకి దిగిపోయాయి. చక్రాల మధ్య నుంచి, అవతల నేల మీద చెంప ఆనించి, భూలక్ష్మత్త ముఖం కనబడింది. "పిల్లా, రా! బండి కదులుతలేదు, నేను చూస్తాన. కదిలితే చెప్త. రా బిడ్డా!" అంది. నా మీద ఒట్టు పెట్టి ఆమె చెప్పిన అబద్ధం ఇంకా నా నెత్తి మీదే ఉంది. అయినా దూరాను. కంకర మోకాళ్ళకు గీరుకుంటుంటే, ఆమె కళ్ళలోకే చూస్తూ పాకాను. నన్ను బయటికి లాగిన చేతులకు ఇంకా పొగాకు వాసన వస్తోంది.

దవాఖానలో కాంపౌండరు వేలు తిప్పి చూసి, "ముల్లు లెక్కనే ఉన్నది గద" అన్నాడు. "ముల్లు గాదు సారూ, కట్లపాము. నా కండ్లతోని చూసిన" అంది భూలక్ష్మత్త. నర్సమ్మ వచ్చి అడిగింది, ఆమెకూ చెప్పింది. డాక్టరు అడిగితే ఆయనకూ చెప్పింది. "చూస్తె ఎందుకు చెప్పలేదమ్మా?" అని ఆయన గద్దిస్తే, నిండు వార్డులో జనం అందరూ వింటుండగా, "రెండింతల కూలి ఇయ్యలేక" అంది. గొంతు తగ్గించలేదు. అప్పటికి అన్న ఊపిరి తెగి తెగి వస్తోంది. సూదులు పొడిచారు, గొంతులోకి గొట్టం వేశారు. రబ్బరు సంచిని చేత్తో పిసుకుతూ ఊపిరి ఆడించారు. ఒకరి చేతులు నొప్పి పుడితే ఇంకొకరు. ఆదివారమైనా డ్యూటీలో ఉన్న బాపు షెడ్డు నుంచి నూనె బట్టలతోనే వచ్చాడు. ఆ వాసన వస్తే కుదుటపడే నా ప్రాణం ఆ రోజు కుదుటపడలేదు. బాపు తుడిచిన చేతులే మళ్ళీ మళ్ళీ ప్యాంటుకు తుడుచుకుంటున్నాడు. బాపుకు కూడా భయం వేస్తుందని నాకు అంతవరకు తెలియదు. వరండాలో ఓ మూల భూలక్ష్మత్త, గల్లీ వాళ్ళు తెచ్చి అప్పగించిన రవిగాణ్ణి ఒళ్ళో వేసుకుని కూర్చుంది. ఎవరూ ఆమెతో మాట్లాడలేదు, ఆమె అక్కడి నుంచి లేవనూ లేదు.

మరునాడు పొద్దెక్కాక అన్న వేలు కదిలింది. పాము ముట్టిన వేలే. తర్వాత రెప్పలు సన్నగా తెరిచాడు. "ఆమె చెప్పకుంటే ముల్లనుకొని మందు రాసి పంపేటోళ్ళం" అన్నాడు డాక్టరు బాపుతో. బాపు వరండాలోకి పోయాడు. కొడతాడేమోనని నేను వెనకాలే పోయాను. ఆమె లేచి తల వంచుకుని నిలబడింది. బాపు, "చెప్పినవు గద చెల్లె" అన్నాడు. అంతే. ఆమె అప్పుడు ఏడ్చింది, గోడకు తల ఆనించుకుని.

అవ్వ మాత్రం బతుకమ్మల పండగ దాకా ఆమెతో మాట్లాడలేదు. నాకూ కోపమే. నా మీద ఒట్టు పెట్టి నా అన్నను పాము దగ్గరికి తోసిందని ఉడికిపోయేదాన్ని. ఆమె పిలిచినా అరుగెక్కలేదు. కోపం ఎప్పుడు పోయిందో చెప్పలేను గాని, ఓ రోజు రైలు కూత విని ఆవులించాను. ఆవులించాక, ఇది నాకు నేర్పింది ఎవరని గుర్తొచ్చి, లేచి పోయి ఆమె పక్కన కూర్చుని దారం చుట్టాను. ఆమె ఎప్పటిలాగే బెల్లం ముక్క చేతిలో పెట్టింది.

మరుసటి తొలకరికి అన్న మళ్ళీ కొడవలి పట్టాడు. ఇంట్లో ఎంత మొత్తుకున్నా వినలేదు. కానీ రేటు మార్చాడు. నల్లా దగ్గర నిలబడి, దవాఖానలో గొట్టం వేశాక కొంచెం లాగినట్టుగా మారిన కొత్త గొంతుతో, "పామున్నదని చెప్పినోళ్ళకు సగం కూలే. చెప్పనోళ్ళకు నిండు కూలి" అన్నాడు. ఇంకేం, వారం తిరక్కుండా పోయిన పాములన్నీ మా గల్లీకి తిరిగొచ్చాయి. కప్ప కూడా లేని దొడ్లలో నాగుపాములు లేచాయి. "నెక్కొండ పోయిన బండి వాపస్ వచ్చింది యార్" అన్నాడు యాకూబ్. ఉన్నా లేకపోయినా ఉన్నట్టే చూసుకుని పని చేయడం మాకు అలవాటైంది.

భూలక్ష్మత్తకు ఇంకో అలవాటైంది. ఆమె గుమ్మం ముందుకు ఎవరొచ్చినా సరే, కూరగాయల బుట్ట ఆమె గాని, పోస్టు ఇచ్చేతను గాని, బంతి కోసం గోడ దూకిన పిల్లలు గాని, జాగ్రత్త చెబుతూ లోపలి నుంచి గట్టిగా అరిచేది: "పైలం బిడ్డా! దొడ్లె పామున్నది!" ఆ కుప్ప ఎప్పుడో ఎత్తేశారు, పాము ఎప్పుడో పోయింది. అయినా అరిచేది. పిల్లలు వెక్కిరించేవారు. పెద్దలు మొదట్లో తల తిప్పుకునేవారు, తర్వాత నవ్వేవారు. ఆమెకు ఏ నవ్వూ పట్టలేదు.

పోయిన నెల రవి ఫోన్ చేశాడు. అమ్మకు చూపు పోయిందని, మనుషులను గుర్తుపట్టడం లేదని, ఒకసారి వచ్చి చూసిపొమ్మని. అన్నా నేనూ ఆటోలో పోయాం. అండర్‌బ్రిడ్జిలో ఆ రోజు నీళ్ళు లేవు. గల్లీని నేను పోల్చుకోలేకపోయాను. పెంకుటిళ్ళు ఒక్కటీ లేవు, దొడ్లు లేవు, అంతా మేడలే. ఇప్పుడు మాకు పనివాళ్ళు కావాలంటే ఫోన్లోనే దొరుకుతారు, రేటు ముందే రాసి ఉంటుంది. వచ్చిన మనిషి పేరు మనకు తెలియదు, మన ఇంట్లో ఏముందో అతనికి తెలియదు, చెప్పాలని మనకూ తోచదు. మెట్ల కింద తెగిన కరెంటు వైరు మీద గోనెసంచి కప్పి, పెయింటు వేయడానికి వచ్చిన పిల్లవాడికి చెప్పని ఇల్లు నాకు తెలుసు. ఆ ఇంటివాళ్ళు చెడ్డవాళ్ళు కారు. చెప్తే పని ఒప్పుకోడేమో, ఎక్కువ అడుగుతాడేమో అనుకున్నారు. అంతే. మా కాలం గొప్పదని నేను అనను. మేమూ దాచినవాళ్ళమే. కానీ మా దగ్గర గడప దాకా వచ్చి, వెనక్కి తిరిగి, మళ్ళీ వచ్చి చెప్పిన మనిషి ఒకామె ఉండేది.

రవి ఇంటి వెనక గేటు నుంచి లోపలికి పోవాలి. ఒకప్పటి దొడ్డి మొత్తం సిమెంటు చేయించాడు. గడ్డి పోచ కూడా లేదు. గేటు కిర్రుమనగానే వరండాలో మంచం మీది నుంచి సన్నటి గొంతు వినబడింది. "ఎవరు బిడ్డా? పైలం. ఆ పెంకల కుప్పల పామున్నది."

రవి సిగ్గుపడుతూ, "ఏమనుకోకు భద్రన్నా, రోజూ గిదే మాట" అన్నాడు.

నేను అన్న ముఖం చూశాను. అన్న తెల్లబడిన మీసం ఓసారి దువ్వుకున్నాడు. చిన్నప్పటిలా గట్టిగా, "చెప్పినవు గద అత్తా. ఇగ పైలంగనే వస్త" అన్నాడు. తర్వాత, ఒకప్పుడు పెంకుల కుప్ప ఉన్న ఆ నున్నటి సిమెంటు చోటును తొక్కకుండా, గోడ పక్కనుంచి చుట్టూ తిరిగి నడిచాడు. నేను అతని చొక్కా పట్టుకుని వెనకాలే పోయాను.